వాల్వు కట్టేసే మనిషి పేరు

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. జీతాల రిజిస్టరులో తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఆఫీసులోనూ, వీధిలోనూ, ఆఖరికి టీ కొట్టు దగ్గర కూడా ఆమె కంపాసక్కే. పురపాలక కార్యాలయం మూడో అంతస్తులో, మెట్లెక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చే చోట, ప్రమాద ప్రణాళిక విభాగం అని ఒక గది ఉంది. విభాగం అంటే ఏదో అనుకునేరు. రెండు బల్లలు, ఒక ఇనుప బీరువా, ఒక వైర్‌లెస్ సెట్టు, గోడ నిండా ఊరి పటం, అంతే. ఒక బల్ల ఆమెది, రెండోది ఆమె పై అధికారిది. ఊళ్ళో ఎక్కడెక్కడ ప్రాణం తీసే సరుకు నిలవ ఉందో, అది బయటపడితే ఎంత దూరం పాకుతుందో, ఆ దూరంలో ఎవరెవరు బతుకుతున్నారో పటం మీద గుర్తు పెట్టడం ఆ గది పని. ఇరవై రెండేళ్ళుగా ఆ గుర్తులన్నీ ఆమె చేతివే. కంప్యూటరు వచ్చాక కూడా ముందు కంపాసుతో కాగితం మీద వలయం గీసుకుని, తర్వాతే తెర మీద గీసేది. తెర మీద గీస్తే చేతికి దూరం తెలియదట.

ఆమె పని తీరు చూసి నవ్వుకునేవాళ్ళకి తక్కువ లేదు. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా మేనేజరు గదిలో కూర్చుని, వాళ్ళు పోసిన టీ తాగి, వాళ్ళిచ్చిన కాగితం చంకన పెట్టుకుని వచ్చేసే రకం కాదు. టీ తాగేది, కాగితమూ తీసుకునేది, ఆ తర్వాత వెనక గుమ్మంలోంచి వెళ్ళి ఊడ్చే మనిషిని పట్టుకునేది. "అమ్మా, ఎక్కడ ఊడ్చేటప్పుడు నీకు కళ్ళు మండుతాయి?" అని అడిగేది. వాచ్‌మన్‌ని "నిన్ను సిగరెట్ ఎక్కడ కాల్చుకోనివ్వరు?" అని అడిగేది. మేనేజరు కాగితంలో రెండు డ్రమ్ములుంటే ఊడ్చే మనిషి మాటల్లో ఏడు తేలేవి. అప్పుడు మళ్ళీ మేనేజరు దగ్గరికొచ్చి, ఏమీ ఎరగనట్టు, "మిగతా ఐదూ ఎక్కడ సార్?" అనేది.

ఇళ్ళ దగ్గరా అంతే. వలయం లోపలున్న ప్రతి ఇంటి తలుపూ తట్టి, ఎంతమంది ఉంటారో, వాళ్ళలో సొంతంగా నడవలేనివాళ్ళు ఎవరో రాసుకోవాలి. ప్రమాదం జరిగిన రోజు ముందుగా ఎవర్ని ఎత్తుకు రావాలో ఆ జాబితానే చెబుతుంది. కానీ నడవలేనివాళ్ళు ఉన్నారా అంటే ఎవరు చెబుతారు? "అబ్బే, మా ఇంట్లో అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు" అంటారు. మంచాన పడ్డ అత్తగారి గురించీ, పుట్టినప్పట్నుంచీ లేవని కొడుకు గురించీ పరాయి మనిషికి చెప్పాలంటే ఎవరికైనా నోరు రాదు. అందుకని ఆమె ఆ ప్రశ్న అడగడమే మానేసింది. "చుట్టాలొస్తే ఏ గది తలుపు దగ్గరగా వేస్తారమ్మా?" అని అడిగేది. ఆ మాటకి గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం మారిపోయేది. కాసేపటికి ఆమెని లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు.

ఇంత పకడ్బందీ మనిషికి ఒక్క పిచ్చి ఉండేది. పత్రంలో మనిషి పేరు రాయాల్సిన చోట మనిషి పేరే ఉండాలి. ప్రతి ఫ్యాక్టరీకీ ఒక పత్రం ఉంటుంది, అందులో పదకొండో గడి ఇలా అడుగుతుంది: గ్యాసు లీకైతే వాల్వు కట్టేసేది ఎవరు? ఊళ్ళో ఫ్యాక్టరీలన్నీ అక్కడ ఒకటే మాట రాసి చేతులు దులుపుకునేవి. 'డ్యూటీలో ఉన్న ఆపరేటరు.' కంపాసక్కకి ఆ మాట చూస్తే ఒళ్ళు మండేది. "డ్యూటీలో ఉన్న ఆపరేటరుకి కాళ్ళున్నాయా? కేకేస్తే పలుకుతాడా? అలాంటివాడెవడూ ఈ ఊళ్ళో లేడు సార్. పేరు చెప్పండి" అని కూర్చునేది. పేరు చెప్పేదాకా కుర్చీలోంచి లేచేది కాదు.

ఆ గడికి అంత విలువ ఎందుకంటే, దాన్నిబట్టే వలయం కొలత తేలుతుంది. ఆమె బల్ల మీద అట్ట ఊడిన పట్టికల పుస్తకం ఒకటుండేది. ఎంత సరుకు, ఎన్ని నిమిషాలు కారితే, ఎంత దూరం పోతుందో అందులో ఉంటుంది. పది నిమిషాల్లో ఎవరో ఒకరు వాల్వు కట్టేస్తారంటే కారేది కొంచెమే, వలయం చిన్నది. ఎవరూ కట్టరంటే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారుతూనే ఉంటుంది, వలయం మూడింతలవుతుంది. పదకొండో గడిలో ఒక పేరు పడితే చాలు, పటం మీద కొన్ని వేల ఇళ్ళు గీత బయటికి వెళ్ళిపోతాయి. ఆ ఇళ్ళని సర్వే చెయ్యక్కర్లేదు, వాళ్ళకి చెప్పక్కర్లేదు, వాళ్ళని భయపెట్టక్కర్లేదు.

ఇంట్లో ఆమె బతుకు మరీ అంత లెక్క ప్రకారం సాగలేదు. తండ్రి పోయేనాటికి ఆమెకి పదహారు, తమ్ముడికి ఆరు. తల్లి బట్టల మిల్లుకి వెళ్ళేది, తమ్ముడికి స్నానం చేయించడం, బడికి దింపడం, చెప్పులు పారేసుకొస్తే వెతకడం, అన్నీ అక్క పనులే. పెళ్ళయితే అయ్యింది గానీ మూడేళ్ళు తిరక్కుండానే ఆ కాపురం ముక్కలైంది. ట్రంకు పెట్టెతో బస్సు దిగితే, పదహారేళ్ళ తమ్ముడు స్టాండులో నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందని అడగలేదు. పెట్టె నెత్తికెత్తుకుని, "ఏంటక్కా, దీంట్లో ఇటుకలు పెట్టుకొచ్చావా?" అన్నాడు. ఆ రోజు తర్వాత ఆమె మళ్ళీ పెళ్ళి ఊసెత్తలేదు. ఉద్యోగం వెతుక్కుంది. తమ్ముణ్ణి చదివించాలని చూసింది గానీ, వాడికి పుస్తకం కన్నా స్పానర్ మీదే మోజు. చివరికి ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా కుదురుకున్నాడు, ఒక పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల మంచి మాటకారి. వదినా మరదళ్ళు కలిస్తే వంటింట్లో నవ్వులు ఆగేవి కావు, "మీ ఇద్దరూ నవ్వడం ఆపితే నాకింత తిండి పెడతారా?" అని ముందు గదిలోంచి ముసలి తల్లి కేకలేసేది.

ఐసు ఫ్యాక్టరీ పత్రం ఆమె ముందుకొచ్చింది ఆ తర్వాత ఏడేళ్ళకి.

అక్కడ ఐసు గడ్డకట్టించేది అమ్మోనియా. మెషిన్ గదిలో పొడుగాటి ఇనుప ట్యాంకులో రెండు టన్నులు ఎప్పుడూ ఉంటుంది. ఆమె అందరిలాగే దాన్నీ కొలిచింది, గేటు దగ్గర కూర్చునే తాతని పక్కకి పిలిచి అడిగింది, పైపుల కీళ్ళ దగ్గర ముక్కు పెట్టి చూసింది. అన్నీ రాసుకుని పదకొండో గడి దగ్గర ఆగింది. ఓనరు ఉండేది ఊరికి అవతల, పిలిస్తే గంటకి గానీ రాడు. గేటు తాతకి మోకాళ్ళు పనిచెయ్యవు. ఆఫీసులో పై అధికారి అప్పటికే పుస్తకం తిరగేసి చూశాడు.

"పేరుంటే నాలుగొందల మీటర్లు, లేకపోతే పన్నెండొందలు. పన్నెండొందలంటే మూడువేల పైచిలుకు ఇళ్ళమ్మా. ఎవరు తిరుగుతారు? నువ్వూ నేనేగా! రాయించుకురా ఎవరిదో ఒకరిది" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మూడేళ్ళుగా మూడో బల్ల కోసం, మూడో మనిషి కోసం అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయినవాడు.

మెషిన్ గదిలో తమ్ముడు నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "దానికంత ఆలోచనేంటక్కా? నా పేరు రాయి. ఎలాగూ ఆ వాల్వు మాట వినేది నాకొక్కడికే."

ఒక్క క్షణం ఆమె కలం ఆగింది. ఆగిందనే తర్వాత వెయ్యిసార్లు గుర్తు చేసుకుంది. ఆగింది భయంతో కాదు. సొంత తమ్ముడి పేరు రాస్తే బాగుంటుందా, ఎవరైనా ఏమైనా అనుకుంటారా అని ఆగింది. ఆ మొహమాటం తీరగానే పగటి షిఫ్టు ఎదురుగా వాడి పేరు గుండ్రటి అక్షరాలతో రాసింది, రాత్రి షిఫ్టుకి ఇంకో ఆపరేటరు పేరు రాసింది. నిజం చెప్పాలంటే ఆమెకి గర్వంగా కూడా ఉంది. ఊళ్ళో ఇంతమంది పెద్ద పెద్ద మేనేజర్లు పేరివ్వడానికి మెలికలు తిరిగిపోతుంటే మావాడు చూడు, అనుకుంది.

నెల రోజులకి డ్రిల్లు పెట్టారు. గంట మోగగానే పనివాళ్ళంతా బయటికి పరిగెత్తారు, తమ్ముడు మాస్కు తగిలించుకుని లోపలికి పరిగెత్తాడు. ఆమె చేతిలో స్టాప్‌వాచీ ఉంది. వాడు వాల్వు చక్రం తిప్పి, బయటికొచ్చి, మాస్కు తీసి గాల్లో ఊపేసరికి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. అందరూ చప్పట్లు కొట్టారు. మరదలికి ఆ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పలేదు, చెప్పేంత పెద్ద విషయమని అక్కకీ అనిపించలేదు, తమ్ముడికీ అనిపించలేదు. ఆ పత్రం నకలు ఒకటి గేటు పక్కన చెక్క బోర్డు మీద మేకులు కొట్టి పెట్టారు.

డ్రిల్లులో చక్రానికి నూనె పట్టించి ఉంది. డ్రిల్లులో గ్యాసు లేదు.

అసలు రోజు వచ్చింది మూడేళ్ళ తర్వాత, ఒక మంగళవారం పదకొండు గంటలకి. కంపాసక్క అప్పుడు ఆఫీసులోనే ఉంది. ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు లీకైందని ఫోను వచ్చింది గానీ, "అందరూ బయటికొచ్చేశారు, లోపల ఎవరూ లేరు" అన్న మాట వెంటనే వినబడింది. దాన్ని గట్టిగా పట్టుకుంది. ప్రణాళిక ప్రకారం ఆమె పని గోడ మీది పటం ముందు నిలబడి, గాలి ఎటు వీస్తోందో కనుక్కుని, ముందు ఏ వీధి ఖాళీ చేయించాలో, ఏ ఇంట్లో ఎవర్ని ఎత్తుకు రావాలో వైర్‌లెస్‌లో చెప్పడం. చెప్పింది. "మూడో వీధి, నీళ్ళ ట్యాంకు పక్క ఇల్లు, వెనక గదిలో పెద్దాయన, ఇద్దరు కావాలి మొయ్యడానికి. ఆయనకి చెవుడు, భుజం తట్టండి" అంటూ ఒక్కొక్క ఇల్లూ చెప్పుకుంటూ పోయింది. జాబితాలో ఉన్న నలభై ఒక్కమందీ బయటికొచ్చారు. ఒక్కరు తప్పిపోలేదు.

మధ్యలో వైర్‌లెస్ గరగరలాడి, "వాల్వు కట్టేశారు, వాల్వు కట్టేశారు" అంది. గదిలోకి అప్పటికి పది పన్నెండు మంది చేరారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

చప్పట్లు కొడుతూనే ఎవరు కట్టారా అనుకుంది. బల్ల మీద పత్రం తెరిచే ఉంది. పదకొండో గడి కనిపించింది. చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి.

గేటు తాత తర్వాత ఆమెకి చెప్పాడు. అందరితో పాటు తమ్ముడూ బయటికొచ్చేశాడు. గేటు దగ్గర నిలబడి దగ్గుతూ తలలు లెక్కపెట్టుకున్నాడు, అందరూ ఉన్నారు. అప్పుడు ఎవరో బోర్డు మీద కాగితం చూసి, వాల్వు ఎవరు కట్టాలని గట్టిగా చదివారు. "చదివింది నేనేనమ్మా" అన్నాడు తాత తల దించుకుని. "వెళ్ళొద్దురా అని కూడా అన్నాను. 'అక్క నా పేరు రాసింది తాతా, వెళ్ళకపోతే ఆవిడ లెక్క తప్పుతుంది' అన్నాడు. నవ్వుతూనే అన్నాడమ్మా." పైపు చుట్టూ మంచు పట్టేసి చక్రం బిగుసుకుపోయింది. గేటు గదిలో గడియారం ప్రకారం తొమ్మిదో నిమిషానికి బుసకొట్టే చప్పుడు ఆగింది. వాడి మాస్కు పలచటి వాసనకి పనికొస్తుంది గానీ, అంత చిక్కటి గ్యాసులో తడి గుడ్డతో సమానం. వీపున గాలి సిలిండర్లతో ఫైరు వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి తమ్ముడు చక్రం కిందే ఉన్నాడు.

ఆమె తమ్ముడు పోయాడు. ఊరు బతికింది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఆమెతో ఎంతమంది అన్నారో లెక్కలేదు. ఓదార్పు కోసమే అన్నారు పాపం. విన్న ప్రతిసారీ ఆమెకి చెంప మీద కొట్టినట్టే ఉండేది.

వారానికి పై అధికారి ఇంటికొచ్చాడు. ముందు గదిలో తల్లి మంచం మీద, మరదలు నేల మీద గోడకానుకుని ఉన్నారు. కంపాసక్క వంటింట్లో ఆయన కోసం టీ కాస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. నాలుగు మంచి మాటలు చెప్పి వెళదామనే వచ్చాడు.

"మీ ఆయన మామూలు మనిషి కాదమ్మా. ప్రణాళికలో ఆయన పేరే ఉంది. అందులో ఎలా రాసి ఉందో అలాగే చేశారు. పది నిమిషాల్లో కట్టాలంటే తొమ్మిది నిమిషాల్లో కట్టారు. మన ప్లాను చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు."

మరదలు అంతదాకా తల ఎత్తలేదు. ఇప్పుడెత్తింది. "పేరుందా? ఏ కాగితంలో?"

"ప్రణాళికలోనమ్మా. వాల్వు కట్టేసే మనిషి అని."

"ఎవరు రాశారు?"

పాపం, ఆయనకి ఈ ఇంట్లో ఆ సంగతి తెలియదని ఊహే లేదు. "ఇంకెవరు, మీ వదినగారే" అన్నాడు.

వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పడింది. కంపాసక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మరదలు ఆమె వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఏదైనా ఒకటి చేసి ఉంటే బాగుండేది.

ఆయన వెళ్ళిపోయాక ఆమె మరదలి ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. నాలుగొందలూ పన్నెండొందలూ, మూడువేల ఇళ్ళూ, కలం ఆగిన క్షణం, అది ఎందుకాగిందో, అన్నీ చెప్పింది. ఒక్క ముక్క దాచుకోలేదు. మరదలు చివరిదాకా విని లేచి, బావి దగ్గర ఆరేసిన బట్టలు తీసుకురావడానికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. మరదలు పుట్టింటికి వెళ్ళలేదు, అత్తగారిని వదల్లేదు. అత్తగారికి నడుము పడిపోయి అప్పటికి ఏడాది. ఆమెని లేపడం, తుడవడం, తిప్పి పడుకోబెట్టడం అన్నీ మరదలే చూసుకునేది. కంపాసక్క ఆఫీసు నుంచి వస్తే కంచం సిద్ధంగా ఉండేది. "వడ్డించానని చెప్పండి అత్తయ్యా" అనేది, వదిన మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నా సరే. ముసలామె నీరసంగా, "వడ్డించిందట" అనేది. ఇల్లంతా కలిపి మూడు గదులు, మిగిలింది ముగ్గురు మనుషులు. అందులో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు అడ్డం రాకుండా తిరగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. వంటింట్లో చెయ్యి తగిలితే మరదలు చెయ్యి వెనక్కి తీసుకునేది. అది చూసి ఆమె రాత్రికి తినగలిగేది కాదు.

ఐదు నెలలకి ఐసు ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. పత్రం మళ్ళీ రాయాలి. అధికారి నేను వెళతానన్నాడు, ఆమె ఒప్పుకోలేదు. మెషిన్ గదిలో గోడలకి కొత్తగా సున్నం కొట్టారు. కొత్త ఆపరేటరు పాతికేళ్ళవాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

"నా పేరు రాసుకోండి మేడం. ఓనరు గారు చెప్పారు. నాకేం భయం లేదు" అన్నాడు.

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

వాడికి ఆ ప్రశ్న పత్రంలో ఉందేమో అనిపించింది కాబోలు, శ్రద్ధగా చెప్పాడు. "అమ్మ, మా ఆవిడ. ఇప్పుడు ఏడో నెల మేడం."

ఆమె చాలాసేపు ఆ చక్రం వైపు చూసింది. తర్వాత పదకొండో గడిలో 'ఎవరూ లేరు' అని రాసింది. వాడి మొహం చిన్నబోయింది. తను పనికిరాననుకున్నాడు. "నీలో లోపం లేదు నాయనా" అంది. గేటు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. "చూడు, ఏదన్నా అయితే బయటికి పరిగెత్తు. ఎవరేం చదివినా, ఎవరేం అన్నా వెనక్కి తిరగకు. నా మీద ఒట్టు" అంది.

మూడో అంతస్తులో అధికారి ఆ పత్రం చూసి కళ్ళద్దాలు తీసేశాడు.

"ఏంటమ్మా ఇది? మన ప్లాను పనిచేసింది కదా! పనిచేసిన దాన్ని ఎవరైనా మారుస్తారా?"

"పనిచేసింది ప్లాను కాదు సార్. మా తమ్ముడు."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. మెల్లగా, ఇది ఆవేశంతో చేసే పని కాదనీ, వాల్వుని గది బయటి నుంచే మీట నొక్కి కట్టే ఏర్పాటు చెయ్యమని ఓనరుకి రాద్దామనీ, అది వచ్చేదాకా కుర్రాడి పేరు ఉంచుదామనీ అన్నాడు. మంచి మాటే. ఆమె ఆ ఉత్తరం అప్పటికే రాసి తెచ్చింది, సంతకం పెట్టమంది. "కానీ ఆ మీట వచ్చేదాకా ఆ గడిలో మనిషి పేరు ఉండదు సార్. మనం మనుషుల పేర్లు రాసి గీత చిన్నది చేసుకున్నాం. నేనే చేశాను. ఆ పేరు తీసేస్తే గ్యాసు ఎంతవరకు పోతుందో అంతవరకూ గీస్తాను."

"మూడువేల ఇళ్ళు! మనిషిని ఇవ్వలేను తల్లీ."

"నేను తిరుగుతాను."

కంపాసు కాళ్ళు ఎంత చాపినా అంత వలయానికి చాలలేదు. దారం కట్టి గీసింది. గీత బజారు దాటింది, బస్ స్టాండు దాటింది, ఆస్పత్రి వెనక సందుల్లోంచి వెళ్ళి, ఆమె ఉండే వీధిని కూడా లోపలికి తీసుకుంది. గీసేటప్పుడు ఆమెకి ఆ సంగతి తట్టలేదు, గీశాక చూసుకుంది.

అప్పట్నుంచి ఆమె రోజూ ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇళ్ళు తిరిగింది. చెప్పులు రెండు జతలు అరిగిపోయాయి. ఇంతకాలం మాకు లేని ప్రమాదం ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందని తిట్టినవాళ్ళున్నారు, ఇంటి విలువ పడిపోతుందని తలుపు మొహాన వేసినవాళ్ళున్నారు. ఇంతకాలమూ ఉంది, నేనే మీకు చెప్పలేదు అనేది. కొందరు ఆమెని గుర్తుపట్టి, అయ్యో ఆ అబ్బాయి అక్కవా అని లోపలికి పిలిచి నీళ్ళిచ్చేవాళ్ళు. ఆమె గ్లాసు పక్కన పెట్టి పత్రం తీసేది.

వీధుల వరసలో ఆమె వీధి మూడో నెలలో వచ్చింది. ఆ వీధిలో ఇరవై ఆరిళ్ళు. పక్కింటిది రాసుకుని సొంత ఇంటి ముందుకొచ్చి ఆగింది. లోపల ఎవరున్నారో ఆమెకి తెలియదా? బయటే నిలబడి రాసుకుని పోవచ్చు. కానీ ఇంతవరకూ ఏ ఇంటినీ అడక్కుండా రాయలేదు, ఈ ఒక్క ఇంటినీ అడక్కుండా రాస్తే మరదలి తరఫున మళ్ళీ తనే ఏదో రాసేసినట్టవుతుంది. అందుకని పరాయి మనిషిలా తలుపు తట్టింది.

మరదలు తలుపు తీసింది. చేతులు తడిగా ఉన్నాయి. ఆమె మెడలో వేలాడే గుర్తింపు కార్డూ, చేతిలో అట్టా, కలమూ చూసింది. పక్కకి తొలగలేదు.

కంపాసక్క పత్రం మీదికి కళ్ళు దించుకుంది. ప్రతి గుమ్మంలోనూ అడిగిన ప్రశ్నే అడిగింది. "ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

ఎనిమిది నెలల తర్వాత మరదలు ఆమెతో మాట్లాడింది. "నలుగురం" అంది.

చెయ్యి ఆలోచించలేదు, నాలుగు వేసేసింది. వేశాక ఇద్దరూ ఆ అంకె వైపు చూశారు. లోపల ముసలామె ఎవరే వచ్చిందని అడుగుతోంది. మరదలు తడి చేతులు చీరకి తుడుచుకుంది, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. ఆమె మొహం ఒక్కసారిగా చితికిపోయింది, తలుపు రెక్క పట్టుకుంది.

"నా వల్ల కాదు" అంది. "నువ్వే దిద్దు వదినా."